సెండ్ వెనక్కిచ్చే అంకె

రెండు టెర్మినళ్ళు పక్కపక్కన తెరిచి, ఒకదాంట్లో సర్వరు, ఇంకోదాంట్లో క్లయింటు నడిపితే, సీ భాషలో రాసిన చిన్న చాట్ ప్రోగ్రాము చక్కగా పనిచేస్తుంది. ఇటు "నమస్తే" అని కొడితే అటు "నమస్తే" అనే పడుతుంది. అదే ప్రోగ్రామును రెండు వేరువేరు కంప్యూటర్లలో పెట్టి, మధ్యలో వైఫై ఉంచి నడపండి. అప్పుడప్పుడూ రెండు సందేశాలు అతుక్కుని ఒకటిగా వస్తాయి. పెద్ద సందేశం మధ్యలో తెగుతుంది. అక్షరాల చోట ప్రశ్నార్థకాలు పడతాయి. ఒక్కోసారి సర్వరు ఏ ఎర్రరూ చెప్పకుండా మాయమైపోతుంది. నెట్‌వర్క్ బాగాలేదని అందరూ అనుకుంటారు. నెట్‌వర్క్ మాత్రం తన పని తాను సరిగ్గానే చేసింది. డేటా పంపడానికి పిలిచే సెండ్ అనే ఫంక్షన్ ఏం మాట ఇచ్చిందో, ఏం మాట ఇవ్వలేదో ప్రోగ్రాము రాసినవాళ్ళు చూసుకోలేదు, అంతే.

ఆ మాటంతా సెండ్ వెనక్కిచ్చే ఒక్క అంకెలో ఉంది. "ఇన్ని బైట్లు నేను తీసుకున్నాను" అని కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిమి భాగం, చెప్పడమే ఆ అంకెకు అర్థం. పంపేశానని కాదు, అవతలికి చేరాయని అసలే కాదు. కింద వచ్చే చిక్కులు చాలావరకు ఈ తేడా దగ్గర పుట్టినవే.

ప్రోగ్రాము నెట్‌వర్క్‌తో మాట్లాడే ద్వారం సాకెట్. ఆ సాకెట్ ఇంటర్‌ఫేస్ 1983లో 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో బర్కిలీ నుంచి వచ్చింది. లైనక్స్, మ్యాక్, విండోస్ అన్నీ ఇప్పటికీ దాన్నే, చిన్నచిన్న తేడాలతో, వాడుతున్నాయి. ఇక్కడ చెప్పే అంకెలు లైనక్స్‌వి. ఫంక్షన్ల పేర్లు నోటితో పలికినట్టే రాస్తున్నాం.

బైట్లు ఎక్కడికి వెళతాయి

సెండ్‌కు నాలుగు ఆర్గ్యుమెంట్లు: సాకెట్ నంబరు, డేటా ఉన్న బఫర్ చిరునామా, ఎన్ని బైట్లు, ఫ్లాగులు. పిలవగానే జరిగేది ఒక కాపీ. మీ బఫర్‌లోని బైట్లను కెర్నల్ తన దగ్గర ఆ కనెక్షన్ కోసం ఉంచుకున్న సెండ్ బఫర్‌లోకి కాపీ చేసుకుంటుంది. కాపీ అయ్యాక సెండ్ వెనక్కి వచ్చేస్తుంది, మీ బఫర్‌ను మీరు మళ్ళీ వాడుకోవచ్చు. ఆ బైట్లను ముక్కలు చేయడం, హెడరు తగిలించడం, వైరు మీదికి ఎక్కించడం, అవతల నుంచి రసీదు రాకపోతే మళ్ళీ పంపడం, ఇవన్నీ కెర్నల్‌లో ఉండే టీసీపీ అనే ప్రోటోకాల్ తన వీలును బట్టి తర్వాత చూసుకుంటుంది. అవతలి కెర్నల్ నుంచి రసీదు, అంటే ఏక్, వచ్చేదాకా ఆ బైట్లు సెండ్ బఫర్‌లోనే ఉంటాయి.

లైనక్స్‌లో టీసీపీ సెండ్ బఫర్ మామూలుగా 16 కేబీతో మొదలై, అవసరాన్ని బట్టి దానంతటదే 4 ఎంబీ దాకా పెరుగుతుంది. సాకెట్ ఆప్షన్లు మార్చే సెట్‌సాక్ఆప్ట్ ఫంక్షన్‌తో మీరే కొలత పెడితే కెర్నల్ దాన్ని రెట్టింపు చేసి పెట్టుకుంటుంది (సొంత లెక్కలకూ దానికి చోటు కావాలి). అంతటితో ఆ సాకెట్‌కు ఆటోమేటిక్‌గా పెరగడం కూడా ఆగిపోతుంది. వేగం పెంచుదామని బఫర్ కొలత చేత్తో పెట్టి, ఉన్న వేగాన్ని కూడా పోగొట్టుకోవడం మామూలే. కారణం తెలియకుండా ఆ ఆప్షన్ జోలికి వెళ్ళకపోవడం మేలు.

ఇప్పుడు నెట్‌వర్క్ కేబుల్ పీకేస్తే? సెండ్ విజయవంతంగానే వెనక్కి వస్తుంది. మళ్ళీ పిలిచినా అంతే. బఫర్ నిండేదాకా ప్రతి పిలుపూ విజయమే. నిండాక, బ్లాకింగ్ సాకెట్ (పని అయ్యేదాకా పిలుపును ఆపి ఉంచే రకం) అయితే సెండ్ అక్కడే నిలబడిపోతుంది. టీసీపీ మాత్రం లోపల మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూనే ఉంటుంది. లైనక్స్ డిఫాల్ట్ 15 ప్రయత్నాలు. ఒక్కోదానికీ మధ్య విరామం పెరుగుతూ పోతుంది కాబట్టి చేతులెత్తేసేసరికి సుమారు 924 సెకన్లు, అంటే పదిహేను నిమిషాలు దాటుతుంది. అప్పుడు గాని "టైమ్ అవుట్" ఎర్రరు మీ చేతికి రాదు. అంతసేపు ఆగలేని ప్రోగ్రాము టీసీపీ యూజర్ టైమ్‌అవుట్ అనే సాకెట్ ఆప్షన్‌తో ఆ గడువును మిల్లీసెకన్లలో తగ్గించుకోవచ్చు. కీప్ ఎలైవ్ (కనెక్షన్ బతికుందో లేదో పరీక్షించే ఆప్షన్) పెట్టాం కదా అనుకుంటే కుదరదు. దాని డిఫాల్ట్ మొదటి పరీక్ష కనెక్షన్ 7200 సెకన్లు ఖాళీగా ఉన్నాక, అంటే రెండు గంటల తర్వాత.

ఎస్ఎస్ అనే కమాండు కొట్టి చూస్తే ప్రతి కనెక్షన్ పక్కనా సెండ్ క్యూ అని ఒక అంకె కనిపిస్తుంది. మీరు కెర్నల్‌కు అప్పగించినా అవతలి నుంచి ఇంకా ఏక్ రాని బైట్లు అవి. "సర్వరు పంపిందట, క్లయింటుకు రాలేదట" అనే తగువులో మొదట చూడాల్సిన అంకె ఇదే. అది పెరుగుతూ పోతుంటే దారి మూసుకుపోయినట్టు, లేదా అవతలి ప్రోగ్రాము చదవడం మానేసినట్టు. సున్నా ఉంటే బైట్లు అవతలి కెర్నల్‌కు చేరినట్టే. అవతలి ప్రోగ్రాముకు చేరాయా అన్నది మళ్ళీ వేరే సంగతి. ఆ ప్రోగ్రాము డేటా చదివి, డిస్కు మీద రాసుకున్నాక "అందింది" అని తనంతట తాను తిరిగి ఒక సందేశం పంపితేనే మీకు తెలుస్తుంది. డబ్బు లెక్కలు నడిపే ప్రోటోకాల్ ఏదైనా చూడండి, అలాంటి జవాబు ఒకటి తప్పకుండా ఉంటుంది.

బిందెలతో పోసినా చెంబులతో తోడినా

టీసీపీ ఇచ్చేది బైట్ల ప్రవాహం. మీరు మూడు బిందెల నీళ్ళు తొట్టిలో పోశారు. అవతలివాళ్ళు చెంబుతో తోడుకుంటున్నారు. ఏ చెంబులో ఏ బిందె నీళ్ళున్నాయో తొట్టికి తెలియదు. నీళ్ళు పోవు, వరస మారదు, అంతవరకే హామీ. అందుకునే ఫంక్షన్ పేరు రిసీవ్. మూడు సెండ్లు ఒక్క రిసీవ్‌లో రావచ్చు, ఒక్క సెండ్ ఐదు రిసీవ్‌లుగా రావచ్చు.

సొంత కంప్యూటర్లో ఈ లోపం ఎందుకు దాక్కుంటుందంటే, లూప్‌బ్యాక్ (కంప్యూటరు తనతో తాను మాట్లాడే) ఇంటర్‌ఫేస్‌లో ఒక ప్యాకెట్ 65536 బైట్ల దాకా పట్టగలదు. మీ 5 కేబీ సందేశం ఒక్క ముక్కగానే దాటిపోతుంది. ఈథర్‌నెట్ మీద ఆ హద్దు 1500. అందులో ఐపీ హెడరుకు 20, టీసీపీ హెడరుకు 20, టైమ్‌స్టాంపులకు 12 తీసేస్తే డేటాకు మిగిలేది 1448. అదే 5 కేబీ సందేశం ఇప్పుడు నాలుగు ముక్కలు. మొదటి ముక్క రాగానే అవతల రిసీవ్ నిద్ర లేచి 1448 తీసుకుని వెళ్ళిపోతుంది. మిగతాది ఇంకా దారిలో ఉంది.

తెలుగు పంపేవాళ్ళకు దీంట్లో ఇంకో మెలిక ఉంది. యూటీఎఫ్-8లో ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు సరిపోతుంది. తెలుగు యూనికోడ్ గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు కావాలి. న అనే అక్షరం వైరు మీద 224, 176, 168 అనే మూడు బైట్లుగా వెళుతుంది. "నమస్తే"లో న, మ, స, పొల్లు, త, ఏత్వం, మొత్తం ఆరు గుర్తులు, పద్దెనిమిది బైట్లు. ముక్క హద్దు ఏ గుర్తు మధ్యలో పడినా, ఇటు ఒకటో రెండో బైట్లు, అటు మిగతావి పడతాయి. వచ్చింది వచ్చినట్టు తెర మీద ముద్రించే ప్రోగ్రాములో ఆ చోట ప్రశ్నార్థకపు డబ్బాలు కనిపిస్తాయి. 1448ని మూడుతో భాగిస్తే రెండు మిగులుతుంది కాబట్టి, ఖాళీలు లేని పొడవాటి తెలుగు పాఠం పంపితే మొదటి ముక్క చివరే అక్షరం చీలుతుంది. ఇంగ్లిషుతో ఏళ్ళ తరబడి నడిచిన కోడు తెలుగు పంపిన రోజే బయటపడటానికి కారణం ఇదే. లోపం ఫాంటుది కాదు, ఎన్‌కోడింగ్‌ది కాదు. సందేశం పూర్తిగా రాకముందే దాన్ని పాఠంగా చూడటమే లోపం.

ఇక్కడే స్ట్రింగ్‌ల తప్పులు రెండు చెప్పుకోవాలి. స్ట్రింగ్ పొడవు కొలిచే స్ట్రెలెన్ చివరి సున్నా బైటును లెక్కించదు. కాబట్టి దాని లెక్క ప్రకారం పంపితే సున్నా వెళ్ళదు. అవతల రిసీవ్ కూడా తనంతట తాను సున్నా పెట్టదు. దాన్ని అలాగే తెర మీద ముద్రించే ప్రింట్ఎఫ్‌కు ఇస్తే బఫర్ దాటి పక్క మెమరీలోకి చదువుకుంటూ పోతుంది. రిసీవ్‌కు బఫర్ కొలత కంటే ఒకటి తక్కువ ఇచ్చి, వచ్చిన చోట మీరే సున్నా పెట్టాలి. రెండోది మెమరీలో కొలత చెప్పే సైజ్‌ఆఫ్. 1024 బైట్ల అర్రే మీద సైజ్‌ఆఫ్ వాడితే 18 బైట్ల నమస్తే వెనక 1006 బైట్ల చెత్త కూడా వెళుతుంది. ఆ చెత్తలో అంతకుముందు అక్కడున్న పాస్‌వర్డు ఉండవచ్చు. అదే బఫర్‌ను ఫంక్షన్‌కు పాయింటరుగా పంపి, అక్కడ సైజ్‌ఆఫ్ వాడితే 64 బిట్ల యంత్రం మీద వచ్చేది 8. రెండు అక్షరాలూ, మూడోదాంట్లో రెండు బైట్లూ, అంతే నమస్తే.

మిగిలింది మళ్ళీ పంపే లూపు

2000 బైట్లు ఇస్తే సెండ్ 1200 అని తిరిగి రావచ్చు. అది ఎర్రరు కాదు. మిగతా 800 మీ బాధ్యత అని చెప్పడం. లైనక్స్‌లో బ్లాకింగ్ సాకెట్ మీద సెండ్ సాధారణంగా మొత్తం కాపీ అయ్యేదాకా ఆగే వస్తుంది, అందుకే లూపు లేని కోడు కూడా చాలాకాలం బండి లాగిస్తుంది. మధ్యలో ఒక సిగ్నల్ (కెర్నల్ ప్రోగ్రాముకు ఇచ్చే కబురు) వచ్చినా, సెండ్‌కు గడువు పెట్టి ఉన్నా, సాకెట్‌ను నాన్ బ్లాకింగ్ చేసినా సగంలో తిరిగివస్తుంది. ఎవరో తర్వాతెప్పుడో ప్రోగ్రాముకు ఒక టైమర్ సిగ్నల్ కలుపుతారు. ఆ రోజు నుంచి నెలకోసారి ఒక సందేశం తెగుతుంది. ఎందుకో ఎవరికీ అంతుపట్టదు.

లూపు ఇలా ఉండాలి:

పంపినవి = 0
పంపినవి < మొత్తం అయినంతసేపూ:
    ఎన్ = సెండ్(సాకెట్, బఫర్ + పంపినవి, మొత్తం − పంపినవి, నోసిగ్నల్ ఫ్లాగు)
    ఎన్ < 0, ఎర్నో ఈఇంటర్ అయితే: మళ్ళీ లూపు మొదటికి
    ఎన్ < 0, ఇంకేదైనా అయితే: −1 తిరిగివ్వు
    పంపినవి = పంపినవి + ఎన్
0 తిరిగివ్వు

ఏడు వరసలే. వీటిలో తప్పు చేయడానికి మాత్రం చోట్లు చాలా ఉన్నాయి. బఫర్‌కు పంపినవి కలపడం మరిచిపోతే మొదటి ముక్కే మళ్ళీ వెళుతుంది. మొత్తం లోంచి తీసివేయడం మరిచిపోతే బఫర్ చివర దాటి చదువుతుంది. ఎన్ రకం సంతకం ఉన్నది, అంటే రుణసంఖ్యలు పట్టేది, కావాలి. ఎస్‌సైజ్‌టీ దాని పేరు. ఎస్ లేని సైజ్‌టీలో పెడితే −1 కాస్తా 18446744073709551615 అయి కూర్చుంటుంది. సున్నా కంటే తక్కువా అన్న ప్రశ్నకు ఎప్పటికీ కాదనే జవాబు వస్తుంది. కంపైలరు హెచ్చరికలన్నీ చూపించే ఆప్షన్లు పెడితే ఇలాంటివి చాలావరకు కంపైలరే పట్టిస్తుంది. వాటిని ఆపేసుకుని సాకెట్ కోడు రాయడం కళ్ళకు గంతలు కట్టుకుని బండి నడపడమే.

ఎర్నో అంటే చివరి ఎర్రరు నంబరు ఉండే చోటు. ఈఇంటర్ అంటే ఒక్క బైటూ కాపీ కాకముందే సిగ్నల్ అడ్డొచ్చిందని. మళ్ళీ పిలిస్తే సరి. నాన్ బ్లాకింగ్ సాకెట్ మీద వచ్చే ఈఎగైన్ వేరు. బఫర్ నిండింది, తర్వాత రమ్మని. అప్పుడు కూడా వెంటనే మళ్ళీ పిలిచే లూపు రాస్తే ఒక సీపీయూ కోర్ నూటికి నూరు శాతం తిరుగుతూ ఉంటుంది. పోల్ ఫంక్షన్‌కు "ఈ సాకెట్‌లో రాయడానికి చోటు దొరికినప్పుడు లేపు" అని చెప్పి పడుకోవాలి. పంపాల్సింది ఏమీ లేనప్పుడు ఆ కోరికను తీసేయాలి కూడా. సెండ్ బఫర్‌లో దాదాపు ఎప్పుడూ చోటుంటుంది, తీసేయకపోతే పోల్ ప్రతిసారీ వెంటనే లేపుతూనే ఉంటుంది.

సందేశానికి గట్లు వేయడం

ప్రవాహానికి హద్దులు లేవు కాబట్టి హద్దు మీరే పెట్టాలి. దారులు రెండు. ఒకటి, ప్రతి సందేశం చివర ఒక గుర్తు. హెచ్‌టీటీపీ 1.1 హెడరులో ప్రతి వరస చివర 13, 10 అనే రెండు బైట్లు వచ్చేది ఇందుకే. రెండోది, ముందే పొడవు చెప్పడం. అదే హెచ్‌టీటీపీలో అసలు పాఠం పొడవు కంటెంట్ లెంగ్త్ వరసలో వస్తుంది. మీ సొంత ప్రోటోకాల్ రాసుకుంటుంటే రెండోదే మేలు. ఫొటోలో, జిప్ ఫైల్‌లో ఏ బైటైనా రావచ్చు, ముగింపు గుర్తుగా దేన్ని పెట్టినా ఎక్కడో ఒకచోట తగులుతుంది.

మామూలు పద్ధతి నాలుగు బైట్ల పొడవు, దాని వెనక పాఠం. ఆ నాలుగు బైట్లు ఏ వరసలో వెళ్ళాలన్నది ముఖ్యం. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు 18 అనే సంఖ్యను మెమరీలో 18, 0, 0, 0 అని దాచుకుంటాయి. నెట్‌వర్క్ వరస దీనికి తిరగబడి 0, 0, 0, 18 అని ఉంటుంది. రెండు పక్కలా ఒకే రకం యంత్రం ఉన్నంతకాలం మార్చకుండా పంపినా గొడవ తెలియదు. అవతల జావా సర్వరు పెట్టి, దాని డేటా ఇన్‌పుట్ స్ట్రీమ్‌తో పూర్ణాంకం చదివించారనుకోండి. అది ఎప్పుడూ నెట్‌వర్క్ వరసలోనే చదువుతుంది. మీ 18 దానికి 301989888గా కనిపిస్తుంది. నమస్తే కోసం సర్వరు 288 ఎంబీ మెమరీ అడుగుతుంది, దొరికితే ఎన్నటికీ రాని బైట్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. పంపేముందు హెచ్‌టీఓఎన్‌ఎల్, అందుకున్నాక ఎన్‌టీఓహెచ్‌ఎల్ వాడితే ఈ గొడవ లేదు. యంత్రం వరస నుంచి నెట్‌వర్క్ వరసకు, అక్కడి నుంచి వెనక్కి మార్చడమే వీటి పని.

అందుకునే పక్క కూడా లూపు కావాలి. నాలుగు బైట్ల హెడరే ముందు రెండు, తర్వాత రెండుగా రావచ్చు. "నాలుగు బైట్లే కదా, ఒకేసారి వస్తాయిలే" అనుకోవడం మంచి ప్రోగ్రామర్ల కోడులో కూడా కనిపిస్తుంది. రిసీవ్ సున్నా ఇస్తే అవతలివాళ్ళు ఇక పంపేది లేదని కనెక్షన్ ముగించారని. సందేశం సరిహద్దు దగ్గర సున్నా వస్తే మర్యాదగా సెలవు తీసుకున్నట్టు, సందేశం మధ్యలో వస్తే తెగినట్టు. రెంటినీ ఒకటిగా చూస్తే సగం ఫైలు పూర్తి ఫైలుగా చెలామణి అవుతుంది.

పొడవును నమ్మేముందు హద్దు చూడాలి. మీ ప్రోటోకాల్‌లో పెద్ద సందేశం 1 ఎంబీ అనుకుంటే, అంతకు మించితే కనెక్షన్ మూసేయండి. ఆ పొడవును సంతకం లేని 32 బిట్ల రకంలోనే ఉంచండి. మామూలు ఇంట్‌లో పెడితే ఎవరో కావాలని 4294967295 పంపినప్పుడు అది −1 అవుతుంది. "1 ఎంబీ కంటే ఎక్కువా" అన్న పరీక్షను హాయిగా దాటేస్తుంది. తర్వాత రిసీవ్‌కు పొడవుగా వెళ్ళేటప్పుడు మళ్ళీ బ్రహ్మాండమైన సంఖ్యగా మారుతుంది. బఫర్ పొంగి పొర్లడం అక్కడ మొదలు.

స్ట్రక్చర్‌ను ఎత్తి అలాగే పంపేయడం సీలో చేయి తిరిగినవాళ్ళకు పెద్ద ఆశ. ఒక క్యార్, ఒక ఇంట్ ఉన్న స్ట్రక్చర్ ఐదు బైట్లు అనుకుంటాం. కంపైలరు మధ్యలో మూడు ఖాళీ బైట్లు పెట్టి ఎనిమిది చేస్తుంది. ఆ మూడింటిలో ఏముంటుందో ఎవరికీ తెలియదు, అదీ వైరు మీద వెళుతుంది. లాంగ్ రకం 64 బిట్ల లైనక్స్‌లో 8 బైట్లు, 64 బిట్ల విండోస్‌లో 4. ఒక్కో అంశాన్నీ విడిగా బైట్ల బఫర్‌లో పేర్చి పంపడం పది వరసలు ఎక్కువైనా, అదే తేలిక.

చప్పుడు లేని చావు

సర్వరు ఎర్రరు చెప్పకుండా మాయమవడం వెనక ఉన్నది సిగ్‌పైప్ అనే సిగ్నల్. జరిగేది దగ్గరగా చూద్దాం. క్లయింటు ప్రోగ్రాము మూసేశారు. దాని కెర్నల్ ఫిన్ (ఇక పంపేది లేదనే) ప్యాకెట్ పంపింది. సర్వరు ఆ సాకెట్‌లో చదవడం లేదు కాబట్టి గమనించలేదు. సర్వరు సెండ్ పిలిచింది. విజయం! (బైట్లు బఫర్‌లో పడ్డాయి కదా.) అవి అవతలికి వెళ్ళాయి, అక్కడ తీసుకునే ప్రోగ్రామే లేదు, ఆ కెర్నల్ ఆర్ఎస్‌టీ (కనెక్షన్ రద్దు అనే) ప్యాకెట్‌తో తిప్పికొట్టింది. సర్వరు రెండోసారి సెండ్ పిలిచింది. ఈసారి కెర్నల్ సిగ్‌పైప్ వేస్తుంది, ఆ సిగ్నల్‌కు డిఫాల్ట్ పని ప్రోగ్రామును చంపేయడం. మీరు రాసిన ఎర్రరు సందేశం దాకా కోడు రానే రాదు. ఒక్క క్లయింటు వెళ్ళిపోతే వందమందికి సేవ చేస్తున్న సర్వరు మొత్తం పడిపోతుంది. షెల్‌లో ఆ ప్రోగ్రాము ఎగ్జిట్ కోడ్ చూస్తే 141 ఉంటుంది: 128కి సిగ్నల్ నంబరు 13 కలిపితే వచ్చేది. ఆ అంకె కనిపిస్తే ఇంకేమీ వెతకనక్కర్లేదు.

పై లూపులో పెట్టిన ఎంఎస్‌జీ నోసిగ్నల్ ఫ్లాగు పని ఇదే. అది ఉంటే సిగ్నల్ రాదు, సెండ్ −1 ఇచ్చి ఎర్నోలో ఈపైప్ పెడుతుంది. ప్రోగ్రాము మొదట్లోనే సిగ్‌పైప్‌ను పట్టించుకోవద్దని ఒక్క వరస రాసినా సరిపోతుంది. లైబ్రరీ రాసేవాళ్ళు మాత్రం ఫ్లాగే వాడాలి, ఇంకొకరి ప్రోగ్రాములో సిగ్నళ్ళను మార్చే హక్కు లైబ్రరీకి లేదు.

నలభై మిల్లీసెకన్లు ఎక్కడ పోయాయి

కోడంతా సరిగ్గానే ఉంది, ఒకే స్విచ్ మీద ఉన్న రెండు యంత్రాలు, అయినా సెకనుకు పాతిక ప్రశ్నలకు మించి జవాబు రావడం లేదు. 1000ని 25తో భాగిస్తే 40. ఆ 40 మిల్లీసెకన్లకు రెండు మంచి ఉద్దేశాల మధ్య పోట్లాట కారణం.

1984 జనవరిలో జాన్ నేగిల్ ఆర్ఎఫ్‌సీ 896 అనే ఇంటర్నెట్ పత్రంలో ఒక పద్ధతి చెప్పాడు. ఒక్క బైటు పంపడానికి 40 బైట్ల హెడర్లు మోయాల్సి వస్తోంది. అందుకని ఇంతకుముందు పంపిన దానికి ఏక్ ఇంకా రాకపోతే, కొత్త చిన్న ముక్కను వెంటనే పంపకుండా ఆపి, పోగుచేయమన్నాడు. అవతలి పక్క కూడా ఏక్ ఒక్కదాని కోసం ప్యాకెట్ ఎందుకు, ప్రోగ్రాము జవాబు పంపేటప్పుడు దాంతో కలిపేద్దాం అని కాసేపు ఆగుతుంది. లైనక్స్‌లో ఆ ఆగడం కనీసం 40 మిల్లీసెకన్లు.

ఇప్పుడు మీరు నాలుగు బైట్ల హెడరును ఒక సెండ్‌తో, పాఠాన్ని ఇంకో సెండ్‌తో పంపారు. హెడరు వెంటనే వెళ్ళింది. పాఠం చిన్నది, హెడరుకు ఏక్ రాలేదు, కాబట్టి నేగిల్ ఆపింది. అవతలి ప్రోగ్రాముకు పాఠం రాలేదు కాబట్టి జవాబు లేదు, జవాబు లేదు కాబట్టి ఏక్ ఆగింది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు చూస్తూ 40 మిల్లీసెకన్లు. ప్రతి ప్రశ్నకూ ఇదే. కనెక్షన్ కొత్తలో లైనక్స్ ఏక్‌లను వెంటవెంటనే పంపుతుంది కాబట్టి రెండు మూడు ప్రశ్నలతో పరీక్షిస్తే ఇది కనిపించకపోవచ్చు కూడా.

చాలామంది వెంటనే టీసీపీ నోడిలే ఆప్షన్ పెట్టేస్తారు. అది నేగిల్‌ను ఆపేస్తుంది, ఆలస్యం పోతుంది. అసలు మందు మాత్రం హెడరునూ పాఠాన్నీ ఒకే పిలుపులో ఇవ్వడం. ఒకే బఫర్‌లో పేర్చి సెండ్ చేయండి, లేదా సెండ్‌ఎంఎస్‌జీకి రెండు ముక్కల చిరునామాలూ ఇవ్వండి, పేర్చడానికి అదనపు కాపీ ఖర్చూ ఉండదు. రైట్‌వీ కూడా ఇదే పని చేస్తుంది గానీ దానికి ఫ్లాగులు ఉండవు, నోసిగ్నల్ పెట్టలేరు. రెండూ సగంలో తిరిగి రావచ్చని మరవకండి. ఆగిన చోటు మొదటి ముక్కలో ఉందా, రెండో ముక్కలో ఉందా అని చూసి అక్కడి నుంచి మొదలెట్టాలి.

మూసేటప్పుడు పోయే బైట్లు

సర్వరు "మీ ఫైలు చాలా పెద్దది, తీసుకోను" అని జవాబు పంపి వెంటనే క్లోజ్ పిలిచింది. క్లయింటు అప్పటికింకా ఫైలు పంపుతూనే ఉంది, సర్వరు చదవని బైట్లు దాని రిసీవ్ బఫర్‌లో పడి ఉన్నాయి. చదవని డేటా ఉండగా క్లోజ్ చేస్తే లైనక్స్ ఫిన్ బదులు ఆర్ఎస్‌టీ పంపుతుంది. అది క్లయింటుకు తగలగానే, చదవని జవాబు కూడా చేజారిపోవచ్చు. క్లయింటుకు కనిపించేది "కనెక్షన్ రీసెట్" అన్న మాట ఒక్కటే. ఎందుకు కాదన్నారో తెలియదు. సరైన వరస ఇది: జవాబు పంపాక షట్‌డౌన్ ఫంక్షన్‌తో రాసే దారి మాత్రమే మూయాలి, రిసీవ్ సున్నా ఇచ్చేదాకా వచ్చింది చదివి పారబోయాలి, ఆ తర్వాతే క్లోజ్. పారబోయడానికి కొన్ని సెకన్ల గడువు పెట్టుకోండి, లేకపోతే మొండి క్లయింటు ఒకటి మిమ్మల్ని గంటల తరబడి కూర్చోబెడుతుంది.

ఇలాంటిదే ఇంకో చిక్కుముడి, రెండు పక్కలా ఒకేసారి పెద్ద డేటా పంపడం. ఇద్దరూ సెండ్‌లో నిలబడతారు, ఇద్దరి బఫర్లూ నిండుతాయి, చదివేవాళ్ళు ఉండరు. ఎర్రరు రాదు, సీపీయూ తిరగదు, ఏమీ జరగదు. ఎస్ఎస్ చూస్తే రెండు వైపులా సెండ్ క్యూ, రిసీవ్ క్యూ నిండుగా, కదలకుండా కనిపిస్తాయి. పంపుతూనే చదవగలిగేలా పోల్ వాడాలి, లేదా ఎవరి వంతు ఎప్పుడో ప్రోటోకాల్‌లోనే తేల్చాలి.

ఇవన్నీ ఇంట్లోనే బయటపెట్టవచ్చు. పంపే పక్క సెండ్ బఫర్‌ను బాగా తగ్గించి నాన్ బ్లాకింగ్ చేయండి, సగం సగం పంపడం వెంటనే కనిపిస్తుంది. లైనక్స్ టీసీ కమాండులో నెట్ఎమ్ అనే భాగం ఉంది, దాంతో లూప్‌బ్యాక్‌కే 100 మిల్లీసెకన్ల ఆలస్యం, కొన్ని ప్యాకెట్ల నష్టం తగిలించవచ్చు. ఎస్‌ట్రేస్ కింద ప్రోగ్రాము నడిపితే ప్రతి సెండ్ పిలుపూ, అది ఇచ్చిన అంకె వరసగా పడతాయి. అందుకునే పక్కకైతే ఇంకా తేలిక పరీక్ష: రిసీవ్‌కు ఇచ్చే కొలతను ఒక్క బైటుకు తగ్గించి, పొడవాటి తెలుగు పాఠం పంపండి. ప్రోగ్రాము నెమ్మదించినా అవతల అదే పాఠం పొల్లు పోకుండా పడితే, రిసీవ్ లూపు సరిగ్గా ఉన్నట్టే.